సమాంతరం గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన సమాంతరం గారికి,

నమస్కారమండీ. మీ అసలు ఉద్యోగం జ్యామితిలో. ఒకే తలంలో ఉండి, రెండు వైపులా ఎంత పొడిగించినా కలవని సరళరేఖలకు మీ పేరు పెట్టారు. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే ఆ నిర్వచనం రాసిపెట్టాడు. 'ఒకే తలంలో' అన్న షరతును చాలామంది వదిలేస్తారు గానీ ప్రాణమంతా అందులోనే ఉంది. ఫ్లైఓవర్ మీద తూర్పుకు పోయే బస్సూ, దాని కింద నుంచి ఉత్తరానికి పోయే ఆటో కూడా గుద్దుకోవు. అంతమాత్రాన వాటి దారులు సమాంతరం కావు.

ఇంత కచ్చితమైన మిమ్మల్ని ప్రెస్‌నోట్లలోకి డిప్యుటేషన్ మీద పంపిందెవరు? "రోడ్డు విస్తరణ, డ్రైనేజీ పనులు సమాంతరంగా సాగుతున్నాయి" అని పేపర్లో పడితే జనం 'ఒకేసారి' అని చదువుకుంటారు. ఆఫీసు మాత్రం యూక్లిడ్‌నే పాటిస్తుంది. రోడ్ల ఫైలు, డ్రైనేజీ ఫైలు ఎంత పొడిగించినా కలవవు. ముందు తారు పోస్తారు. అది ఆరీ ఆరకముందే పైపులవాళ్లు తవ్వుతారు. వాళ్లు పూడ్చి వెళ్లగానే కేబుల్‌వాళ్లు దిగుతారు. సమాంతర రేఖల మధ్య దూరం ఎక్కడ కొలిచినా ఒక్కటేనట కదా! మా ఊళ్లో ఆ రెండు శాఖల మధ్య దూరమూ అంతే, ఏ ప్రభుత్వంలో కొలిచినా ఒక్కటే.

నిజానికి గణితంలోనే మీ మీద పాత పేచీ ఒకటుంది. ఒక రేఖకు, దాని బయట ఉన్న బిందువు గుండా ఒక్క సమాంతర రేఖే గీయగలమని యూక్లిడ్ పక్షం. కాదు, చాలా గీయొచ్చు, అలాంటి జ్యామితీ ఉండొచ్చు అని రష్యాలో లొబచేవ్‌స్కీ అనే గణితవేత్త 1829లో ప్రకటించాడు. అప్పట్లో ఆయన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మా వీధికి వచ్చి ఉంటే రుజువు చేతికి దొరికేది. ఒక్క గుంత గుండా ఎన్ని శాఖలు ఒకదాన్నొకటి తాకకుండా వెళ్లిపోతాయో!

మీకు కలవడం చేతకాదని కాదు. ఇంట్లో కరెంటు చూడండి. సమాంతర సంధానంలో ప్రతి బల్బూ, ప్రతి ఫ్యానూ ఒక కొసన అదే ఫేజును, రెండో కొసన అదే న్యూట్రల్‌ను పట్టుకుని ఉంటాయి. అందుకే బల్బు మాడినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తీగలు తిన్నగా ఉండాలన్న పట్టింపు కూడా లేదక్కడ. భౌతికశాస్త్రంలో రెండు కొసల్లోనూ కలవడానికి ఒప్పుకున్నవారు, మునిసిపల్ ఆఫీసుకు వచ్చేసరికి ఈ మడి కట్టుకోవడమేమిటండీ?

కాబట్టి ఇకపై ప్రెస్‌నోట్లో మీ పేరు పక్కన 'యూక్లిడ్' అనో 'కరెంటు' అనో చిన్న అక్షరాలతోనైనా వేయించండి. కరెంటు అయితే, తారు పోసేముందు ఆ ఇద్దరు ఇంజినీర్లనూ ఒక్క పూట ఒకే గదిలో కూర్చోబెట్టండి. యూక్లిడ్ అయితే ముందే చెప్పండి, బండికి షాకబ్జార్లు మార్పించుకుంటాం.

ఇట్లు,
తవ్విన కాలవకు సమాంతరంగా నడిచే ఒక పన్ను చెల్లింపుదారు