తన గదిలోకి మైకు తెచ్చుకున్న ప్రొఫెసర్

టెట్‌కు, డీఎస్సీకి చదివినవారికి కార్ల్ రోజర్స్ అంటే ఒక మార్కు ప్రశ్న. నిర్దేశక మంత్రణానికి, అంటే సలహా ఇచ్చి దారి చూపించే కౌన్సెలింగ్‌కు ఎదురుగా విలియమ్సన్, దారి చూపించకుండా వినే అనిర్దేశక మంత్రణానికి ఎదురుగా రోజర్స్. జతపరిచి ముందుకు వెళ్లిపోవచ్చు. గైడ్లు ఇంకాస్త ఓపిక చేసుకుంటే, ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా వినాలి, తీర్పులు చెప్పకూడదు అన్న రెండు వాక్యాలు చేరుస్తాయి. ఆ మాట చెప్పడానికి ప్రొఫెసర్ ఎందుకు, ఇంట్లో అమ్మమ్మ చాలు. మనిషిలోని ఎదిగే శక్తిని నమ్మే మానవతావాద మనస్తత్వ శాస్త్రానికి పెద్దదిక్కుగా పేరు పొందిన ఈ అమెరికన్ ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆయన మంచితనం కాదు, మొండితనం. చికిత్స గదిలో జరిగేది బయటివారు వినాలి, కొలవాలి, అవసరమైతే తప్పు పట్టాలి అని పట్టుబట్టిన మొండితనం.

1902లో షికాగో శివారులోని ఓక్ పార్క్‌లో, మతనిష్ఠ గట్టిగా ఉన్న ఇంట్లో పుట్టారు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు కుటుంబం పొలానికి మకాం మార్చింది. పశువుల మేత మీద ఒక లావుపాటి పుస్తకం చదివి, ప్రయోగం ఎలా చేస్తారో, పోల్చి చూడటానికి రెండో గుంపు ఎందుకు ఉండాలో అప్పుడే నేర్చుకున్నానని తర్వాత రాసుకున్నారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరింది కూడా వ్యవసాయం చదవడానికే. ఆ తర్వాత మత బోధకుడు కావాలనుకుని న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీకి వెళ్లారు. రెండేళ్లకు అదీ మానేసి, రోడ్డుకు అవతల ఉన్న కొలంబియా టీచర్స్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం పట్టుకున్నారు. ఇందులో మేత పుస్తకాన్ని గుర్తు పెట్టుకోవాలి. సెమినరీ వాసన ఆయన రచనల్లో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే చూస్తారు. పోల్చి చూడాలన్న రైతుబుద్ధి మాత్రం వారి కంటికి ఆనదు.

1928 నుంచి పన్నెండేళ్లు రోచెస్టర్ నగరంలో, ఎక్కువ కాలం పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే సంఘంలో పనిచేశారు. కోర్టులు, సంక్షేమ సంస్థలు పంపే పిల్లలను చూడటం అక్కడి పని. ఒక గడుగ్గాయి తల్లితో జరిగిన సంగతిని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. చిన్నప్పుడు కొడుకును ఆమె దూరం పెట్టడమే అసలు సమస్య అని రోజర్స్ తేల్చుకున్నారు. ఆ సంగతి ఆమె గ్రహించేలా చేయాలని వారాల తరబడి ప్రయత్నించారు. ఫలితం లేదు. ఇద్దరం చేయగలిగింది చేశాం, ఇక ఆపేద్దాం అన్నారు. ఆమె సరేనని చేయి కలిపి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మీరు పెద్దవాళ్లను కూడా చూస్తారా అని అడిగింది. చూస్తామంటే, అయితే నాకూ సాయం కావాలి అంటూ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. భర్తతో తన కాపురం గురించి, తన ఓటమి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంతవరకు ఫైలులో రాసుకున్న కేసు చరిత్రకూ ఆమె చెప్పిన దానికీ పోలికే లేదు. చివరికి కొడుకూ దారిలో పడ్డాడు. ఎక్కడ నొప్పి ఉందో తెలిసింది వచ్చిన మనిషికే అన్న సూత్రం ఆయనకు అక్కడ దొరికింది.

ఇలాంటి కథ ప్రతి గురువు దగ్గరా ఒకటి ఉంటుంది. అది విన్నవారికి నమ్మకం కలుగుతుంది కానీ రుజువు మాత్రం దొరకదు. రోజర్స్ అక్కడ ఆగిపోలేదు.

1940లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఆయనను నేరుగా పూర్తి స్థాయి ప్రొఫెసర్‌గా తీసుకుంది. ఆ ఏడాది డిసెంబరు 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, సలహా ఇవ్వడం, నచ్చజెప్పడం, మనసును విడమరిచి వివరించడం కాలం చెల్లిన పద్ధతులు అన్నారు. మన గైడ్లలో పక్క గడిలో ఉండే విలియమ్సన్ పనిచేస్తున్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. ప్రసంగం రేపిన దుమారానికి తాను సిద్ధంగా లేనని రోజర్స్ తర్వాత చెప్పారు. తన చికిత్సా విధానం పుట్టినరోజు ఏదంటే ఆ తేదీనే చూపించేవారు.

అసలు కథ ఒహాయోలో పెట్టిన రికార్డింగ్ యంత్రాలతో మొదలవుతుంది. అప్పటికి టేపులు లేవు. గ్రామఫోన్ డిస్కులు మూడేసి నిమిషాలకు అయిపోయేవి, అందుకని రెండు యంత్రాలను మార్చి మార్చి నడిపేవారు. బెర్నార్డ్ కోవ్నర్ అనే విద్యార్థి ఈ ఏర్పాటంతా సిద్ధం చేశాడు. 1942లో వచ్చిన రోజర్స్ పుస్తకంలో, హెర్బర్ట్ బ్రయాన్ అనే మారుపేరుతో ఒక క్లయింటుతో జరిగిన ఎనిమిది సిట్టింగుల సంభాషణ మొత్తం అక్షరం పొల్లు పోకుండా అచ్చయింది. అంతకు ముందు చికిత్స గురించి లోకానికి తెలిసిందల్లా చికిత్స చేసినవారి జ్ఞాపకమే. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ప్రసిద్ధ కేసుల్లో చాలావరకు సాయంత్రం కూర్చుని గుర్తున్న మేరకు రాసుకున్నవే. గదిలో ఎవరు ఎంత మాట్లాడారు, ఏ మాట దగ్గర వచ్చిన మనిషి మూగబోయాడు అన్నది అంతకు ముందు ఎవరూ చూపలేదు.

డిస్కులు విని లెక్కలు తీస్తే కౌన్సెలర్ల పరువు కొంత పోయింది. వచ్చినవారి మాటలతో పోలిస్తే కౌన్సెలర్ ఎంత మాట్లాడుతున్నాడన్న నిష్పత్తి తీశారు. దారి చూపించే పద్ధతి పాటించేవారిలో అది, చూపించని వారికంటే దాదాపు ఆరు రెట్లు ఉంది. సాయం కోసం వచ్చినవాడు శ్రోతగా మిగిలిపోతున్నాడు. రోజర్స్ కూడా తన రికార్డింగులను విద్యార్థుల ముందు పెట్టి తన తప్పులు ఎంచమనేవారు. 1940లలో ఒక ప్రొఫెసర్ ఇలా చేయడం ఎంత అరుదో ఊహించుకోవచ్చు. ఈ రోజుల్లోనూ అంత మామూలు విషయమేమీ కాదు.

1945లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లి కౌన్సెలింగ్ కేంద్రం ప్రారంభించారు. అక్కడి పరిశోధన పద్ధతి చూడటానికి తేలిక, ఆలోచన మాత్రం పదునైనది. ఒక్కో వాక్యం రాసిన వంద కార్డులిచ్చి, నేను ఎలా ఉన్నానో చెప్పేలా ఒకసారి, ఎలా ఉండాలనుకుంటున్నానో చెప్పేలా ఇంకోసారి పేర్చమనేవారు. రెండూ పూర్తిగా కలిస్తే పొంతన 1, ఏమీ లేకపోతే సున్నా. చికిత్సకు ముందు అది సగటున మైనస్ 0.01, అంటే లేనట్టే. చికిత్స తర్వాత 0.34కు పెరిగింది. కొన్ని నెలలు గడిచాక చూసినా 0.31 దగ్గర నిలిచింది. చికిత్స కోరని మామూలు మనుషుల గుంపులో అది మొదటా చివరా 0.58 దగ్గరే ఉంది. ఈ అంకెలను ఆయన పక్షం వారు గెలుపుగా చెబుతారు. బాగుపడినవారు మామూలు వారి స్థాయికి చేరలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది, దాన్ని ఎవరూ దాచలేదు. తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్న ఎలాగూ మిగిలే ఉంటుంది. ఏమైనా, ఈ పనికే 1956లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన మొట్టమొదటి విశిష్ట శాస్త్రీయ కృషి పురస్కారాల్లో ఒకటి ఇచ్చింది.

షికాగో రోజుల మధ్యలో ఒక చీకటి ఘట్టం ఉంది. తీవ్రంగా కుంగిపోయిన ఒక క్లయింటుతో పనిచేస్తూ, తన హద్దులు తెలుసుకోలేక, తానే చెదిరిపోయారు. అన్నీ వదిలేసి భార్యతో కలిసి రెండు మూడు నెలలు ఊరు విడిచి వెళ్లిపోయారు. తిరిగి వచ్చాక తన కేంద్రంలోనే పనిచేసే, తనకంటే చిన్నవాడైన సహచరుడి దగ్గర చికిత్స తీసుకున్నారు.

1957లో రాసిన వ్యాసంలో రోజర్స్ ఒక పెద్ద పందెం కాశారు. చికిత్స చేసే మనిషిలో కపటం లేకపోవడం, షరతుల్లేని ఆదరణ, ఎదుటివారి లోకాన్ని లోపలి నుంచి చూడగలగడం, ఇవి ఎదుటివారికి అందితే మార్పు వస్తుంది, ఇవి లేకుండా రాదు, ఇవి ఉంటే ఇంకేమీ అక్కరలేదు అన్నారు. రోగ నిర్ధారణ అవసరం లేదు, వృత్తిపరమైన ప్రత్యేక పాండిత్యమూ తప్పనిసరి కాదు. అదే ఏడాది ఆన్ ఆర్బర్‌లో తత్వవేత్త మార్టిన్ బూబర్ ఆయనతో వేదిక మీదే విభేదించారు. అతను సాయం కోసం మీ దగ్గరకు వచ్చాడు, మీరు అతని దగ్గరకు వెళ్లలేదు, ఆ గదిలో మీరిద్దరూ సమానులు ఎలా అవుతారన్నది బూబర్ ప్రశ్న. రోజర్స్ దానికి ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ చాలినట్టు అనిపించదు.

పందెం తేలింది విస్కాన్సిన్‌లో. మనస్తత్వ శాస్త్రం, మనోరోగ వైద్యం రెండు విభాగాల్లోనూ ప్రొఫెసర్‌గా చేరి, మెండోటా ప్రభుత్వ ఆసుపత్రిలో స్కిజోఫ్రేనియా రోగులతో పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు తమంతట తాము వచ్చి మాట్లాడతారు. ఈ రోగుల్లో చాలామందికి మాట్లాడాలనే లేదు. బృందంలో తగాదాలు వచ్చాయి, సమాచారం కొంత మాయమైంది, పుస్తకం 1967లో గానీ వెలువడలేదు. మొత్తంగా చూస్తే చికిత్స పొందినవారికీ పొందనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చికిత్సకులు ఆ గుణాలను ఎక్కువగా చూపిన చోట రోగులు మెరుగయ్యారన్నది మిగిలిన ఊరట. పందెం గెలిచామని చెప్పుకోవడానికి అది చాలదు.

ఇక్కడే రోలో మే ప్రవేశిస్తారు. మరణం, స్వేచ్ఛ, ఆందోళన మధ్య మనిషి ఉనికిని చూసే యూరప్ అస్తిత్వవాద చింతనను 1958 నాటి సంకలనంతో అమెరికా చికిత్సకులకు పరిచయం చేసినవారిలో ఆయన ముఖ్యులు. యౌవనంలో క్షయతో శానటోరియంలో పడి ఉండి చావును దగ్గర నుంచి చూసినవారు. విస్కాన్సిన్ అధ్యయనంలో రికార్డు చేసిన టేపులను వినడానికి రోజర్స్ పిలిచిన బయటి నిపుణుల్లో మే కూడా ఉన్నారు. చికిత్స మొత్తం మీద బాగానే ఉందన్నారు గానీ, ఒక పెద్ద లోటు చూపించారు. రోగి కోపం, ద్వేషం, పగ బయటికి తెచ్చినప్పుడు చికిత్సకులు దాన్ని పట్టుకోలేకపోతున్నారు, పట్టనట్టు పక్కకు జరుగుతున్నారు. 1982లో రోజర్స్‌కు రాసిన బహిరంగ లేఖలో మే దీన్ని మళ్లీ ఎత్తారు. మనిషి సహజంగా మంచివాడే, చెడగొట్టేది సమాజం అని రోజర్స్ వాదం. ఆ సమాజాన్ని తయారు చేసింది మీరూ నేనూ లాంటి మనుషులు కాక ఇంకెవరని మే అడిగారు.

వాదనలో నేను మే పక్షం. మంచితనాన్నే ప్రతిఫలించే అద్దం ముందు కోపంతో ఉన్న మనిషి మరింత ఒంటరి అవుతాడు. అయితే మే ఆ లోటు పట్టగలిగింది రోజర్స్ టేపులు పంపడం వల్లే. అస్తిత్వవాదులు మరణం గురించి, స్వేచ్ఛ గురించి, ఆందోళన గురించి లోతైన పుస్తకాలు రాశారు. ఆ తరంలో తమ గదిని ఈ స్థాయి పరీక్షకు అప్పగించినవారు మాత్రం నాకు కనిపించరు. పడిపోయిన పరికల్పన రోజర్స్‌ది, దాన్ని పడగొట్టే పనిముట్టు కూడా ఆయనదే.

తర్వాతి కాలం మీద నాకంత గౌరవం లేదు. 1964లో విశ్వవిద్యాలయాన్ని వదిలి కాలిఫోర్నియాలోని లా హోయా చేరారు. కొద్దిమంది కలిసి కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే ఎన్‌కౌంటర్ గ్రూపులు నడిపారు. వాటి మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పరస్పరం తలపడుతున్న కాథలిక్కులను, ప్రొటెస్టెంట్లను ఒకచోట కూర్చోబెట్టారు, దక్షిణాఫ్రికాకు, సోవియట్ రష్యాకు వెళ్లారు. సాహసమే. కొలత మాత్రం వెనకబడింది, శిష్యుల చేతుల్లో నినాదాలు మిగిలాయి. 1987 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇదంతా మనకు పనికొచ్చే చోటు ఒకటుంది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యా సంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని కోచింగ్ సంస్థలకు చెప్పింది. మంచి తీర్పు. తనిఖీ అధికారి వచ్చినప్పుడు చూపించేది మాత్రం నియామక పత్రమే. గది లోపల ఆ కౌన్సెలర్ ఇంకో లెక్చరర్‌లా, అమ్మానాన్నల కష్టం గుర్తు చేస్తూ, చదువు మీద మనసు పెట్టమని చెబితే ఎవరికి తెలుస్తుంది? ఫీజు అప్పు గురించి, తండ్రి మీద కోపం గురించి పిల్లవాడు నోరు తెరవబోతే మాట మార్చేస్తే ఎవరు పట్టుకుంటారు? మే విస్కాన్సిన్‌లో విన్నది సరిగ్గా అదే.

మూడు నిమిషాల డిస్కులతో 1942లో సాధ్యమైన పనికి ఇప్పుడు యంత్రాల కొరత లేదు. ఉన్న కొరత భయంలో ఉంది, ఆ భయంలో కొంత న్యాయం కూడా ఉంది. హాస్టల్ పిల్లవాడి ఏడుపు ఎవరి ఫోనులోనో తిరిగే ప్రమాదం నిజమైనదే. అందుకే షరతులు కావాలి. పిల్లవాడి అనుమతితో, మైనరైతే ఇంటివారి సమ్మతి కూడా తీసుకుని, పేరు తీసేసిన కొన్ని సిట్టింగులను కళాశాలతో ఏ సంబంధమూ లేని అనుభవజ్ఞుడైన సైకాలజిస్టు వినాలి, విన్నాక కౌన్సెలర్‌తో కూర్చుని మాట్లాడాలి, ఆ తర్వాత రికార్డింగును చెరిపేయాలి. ఆ పర్యవేక్షణ ఖర్చు కౌన్సెలర్ జీతంలోంచి కాక యాజమాన్యం నుంచి రావాలి. ఆ సైకాలజిస్టు రాసే కాగితం ప్రిన్సిపల్‌కు గానీ, డీన్‌కు గానీ అందకూడదు.