సంతకాల పట్టిక గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన సంతకాల పట్టిక గారికి,

హనుమకొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకూ, ప్రతిభావంతులైన పిల్లలకూ బోధించడమెలాగో నేర్పడానికి జరిగిన మూడు రోజుల శిక్షణలో పొద్దున ఒకసారి, చాయ్ తరువాత ఒకసారి, సాయంత్రం ఒకసారి తమ దర్శనం చేసుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. అక్కడ మా చేత చేయించిన అభ్యాసం సంతకం ఒక్కటే గనుక, నా సంతకం మాత్రం ఇప్పుడు ముత్యంలా వస్తున్నది.

మొదటి రోజు చట్టం విన్నాము. 1995 నాటి చట్టంలో వైకల్యాలు 7 ఉండగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అవి 21 అయ్యాయని, చదవడంలోనూ రాయడంలోనూ ఎదురయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా వాటిలో చేరిందని శిక్షణ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) సారు తెరమీద చూసి చదివారు. ఆ వైకల్యాన్ని పిల్లవాడిలో ఎలా పోల్చుకోవాలో చెప్పే స్లైడు వచ్చేసరికి భోజనానికి పిలుపు వచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పిన మాట రెండో రోజు విన్నాము. మా ఊరి పిల్లలకు ఆ ఉపాధ్యాయుడు కనిపించాలంటే మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం దాకా పోవాలి. బస్సు దొరికితేనే అనుకోండి.

ప్రతిభావంతుల వంతు మూడో రోజు చివరి అరగంటకు వచ్చింది. వారికి బోధించడాన్ని బీఈడీలో ప్రత్యేకాంశంగా చదివే వీలు కల్పించవచ్చని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పిందన్నారు. ఆ వెంటనే, వాళ్లకు ఎట్లాగూ వస్తుంది కదా అని నవ్వి, సర్టిఫికెట్లు పంచారు.

ఇక నా బాధ చెప్పుకుంటాను. మా ఏడో తరగతిలో ఒక పిల్లవాడు తండ్రి వెంట వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోయి వస్తుంటాడు. ఆరు క్వింటాళ్ల నలభై కిలోల పత్తికి ఆనాటి ధర ప్రకారం ఎంత వస్తుందో, హమాలీ కూలి పోగా చేతికి ఎంత మిగులుతుందో, నేను సుద్దముక్క వెతుక్కునేలోపు నోటితో చెప్పేస్తాడు. అదే లెక్కను అచ్చులో ఇస్తే ‘పత్తి’ని ‘వత్తి’ అని చదివి, రెండో వాక్యానికి పోలేక తల వంచుకుంటాడు. పత్తిని వత్తి చేయడం ఇంట్లో దీపం దగ్గర తప్పు కాదు గాని, ప్రశ్నపత్రంలో తప్పే కాబట్టి వాడికి ప్రతిసారీ నాలుగో, ఐదో మార్కులు వస్తాయి. వీడు మొదటి రోజు పిల్లవాడా, మూడో రోజు పిల్లవాడా అని అడిగితే, మంచి ప్రశ్న అని మెచ్చుకొని, ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాయమన్నారు. ఆ ఫారంలో ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ అనే రెండు గడులే ఉన్నాయి.

తమలో వరుస సంఖ్య, పేరు, హోదా, పాఠశాల, సంతకం అనే గడులు గీశారు. నేర్చుకున్నది ఏ పిల్లవాడి కోసమో రాసుకునే గడి ఒకటి పెంచితే కాగితం చాలదా? నన్నడిగితే, ఆ మూడు రోజులు మమ్మల్ని హాలులో కూర్చోబెట్టే బదులు, భవిత కేంద్రం నుంచి ఒక మేడంను వారానికి ఒక పీరియడ్ నా తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చోబెట్టండి. వీడికి ప్రశ్న చదివి వినిపించి జవాబు నోటితో రాబట్టడం, మిగతా తరగతి ఆగకుండా వీడికి పెద్ద లెక్క ఇవ్వడం నా కళ్లముందు ఒకసారి చేసి చూపిస్తే చాలు. అప్పుడు తమకు పని తగ్గుతుందేమో, క్షమించాలి.

మూడు రోజులు ఎటు పోయిన్రు సార్ అని వాడే అడిగాడు. శిక్షణకు పోయినానని చెప్పాను. “అయ్యో, ఏం తప్పు చేసిన్రు సార్?” అన్నాడు.

ఇట్లు,
వరుస సంఖ్య 37
(సంతకం ఇప్పటికే తొమ్మిదిసార్లు తమ మీద చేసి ఉన్నాను గనుక ఇక్కడ చేయడం లేదు.)