ఇంటింటికీ వెళ్లేవాళ్లనూ వేదిక మీదికి పిలవండి

ఎయిడ్స్ దినం నాడు హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ల డాక్టర్లను సన్మానించారని రాశారు, చాలా సంతోషం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి తోడుండే లింక్ వర్కర్లను, ఔట్‌రీచ్ వర్కర్లను కూడా పిలవాలండీ. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. అయినా ఊళ్లో తెలిసిపోతుందన్న టెన్షన్‌తో సెంటర్‌కు రావడం మానేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను వెతికి, పక్కింటివాళ్లకు కూడా అనుమానం రాకుండా మాట్లాడి, మళ్లీ మందులు మొదలుపెట్టించేది వీళ్లే. వీళ్లలో కొందరు తామూ హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లే, అందుకే వాళ్ల మాట మీద గురి. 2020 లాక్‌డౌన్‌లో బస్సుల్లేనప్పుడు మాత్రలు ఇళ్లకు చేర్చారు. మానకుండా మందు వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనిపించనంత తగ్గి, అలాగే ఉంటే భార్యకో భర్తకో లైంగికంగా సోకదు. ఆ ధైర్యం ఇంట్లో కూర్చుని చెప్పేది ఎవరు? శాలువాతో పాటు నెలనెలా సకాలంలో జీతం, దారి ఖర్చులు కూడా ఇప్పించండి.