పల్సర్ కంటికా, చెవికా?

బెంగళూరు దోమలూరులో ఒక పాత గోడౌను. చీకట్లో నాలుగు స్తంభాలు, నాలుగు పల్సర్లు. గిర్రున తిరిగే మృత నక్షత్రాలవి. వాటి రేడియో కిరణం దీపస్తంభం వెలుగులా మనవైపు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ. స్తంభానికో ఎల్ఈడీ స్ట్రిప్పు, ఓ స్పీకరు. రేపు జనానికి తెరుస్తారు. కట్టిన అమ్మాయికీ, టెలిస్కోపు పిచ్చి ఉన్న బాబాయికీ ట్రయల్ రాత్రే మాటామాటా పెరిగింది.

బాబాయి: వెలా పల్సర్ సెకనుకు 11 సార్లు కొడుతుంది. నీ స్తంభం చూడబోతే నిద్రపోయేవాడి ఊపిరిలా మెల్లగా వెలిగి ఆరుతోంది. ఇదెక్కడి వెలా తల్లీ?

అమ్మాయి: దీపాన్ని 11 సార్లు కొట్టిస్తే, ఫిట్స్ ఉన్నవాళ్ళు ఇక్కడే పడిపోవచ్చు బాబాయ్. సెకనుకు 3 మెరుపులు దాటనివ్వకూడదు. 15 నుంచి 25 మధ్య మరీ ప్రమాదం. పైగా హాలు చీకటి, కంటిపాప విచ్చుకుని ఉంటుంది, స్తంభం రెండడుగుల దూరంలో. అందుకే లెక్క చూసి పంచాను. బి0329+54 అనే పల్సర్‌కి ఒక చుట్టుకు 0.71 సెకను, దాని దీపం ఒక్కటే నిజంగా కొడుతుంది. మిగతా మూడిటినీ చెవికి అప్పజెప్పాను. వెలా 89 మిల్లీసెకన్లకు ఒకటి, రేకు మీద శనగలు రాల్చినట్టు వినిపిస్తుంది. క్రాబ్ 33కి ఒకటి, దెబ్బలు కలిసిపోయి గురగుర. బి1937+21 సెకనుకు 642. అది ఇక దెబ్బ కాదు, శ్రుతి. ఆ నాలుగోదాన్ని కంటికి చూపించండి చూద్దాం, ఆర్పకుండా వదిలేసిన బల్బులా ఉంటుంది.

బాబాయి: సరే. ఆ మూల స్తంభం పైకొస ఎర్రబడిందేం? దూరమయ్యే గెలాక్సీ వెలుగు ఎర్రబడినట్టు రెడ్‌షిఫ్టా?

అమ్మాయి: వోల్టేజి డ్రాపు. 5 మీటర్ల స్ట్రిప్పు, 300 ఎల్ఈడీలు, పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. మొత్తం 18 ఆంపియర్లు. ఆ పల్చటి రాగి మోయలేదు. నీలానికీ పచ్చకీ 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి 2 చాలు. కొసకు వెళ్ళేసరికి ముందు నీలం చచ్చిపోతుంది. పైనుంచి కూడా కరెంటిస్తే సరి. ఆ వైరు ఇంకా లాగలేదు.

బాబాయి: ఈ 5 వోల్టుల స్ట్రిప్పు బదులు ఎస్పీ రోడ్డు కొట్లలో 12 వోల్టులది కొనుంటే ఇంత తిప్పలుండేది కాదు.

అమ్మాయి: వాటిలో చాలామటుకు మూడేసి ఎల్ఈడీలు కలిసి వెలుగుతాయి. గీత గరుకుగా వస్తుంది.

బాబాయి: చవగ్గా వచ్చిందని కొన్నానని చెప్పు.

అమ్మాయి: చవకే. బిల్లు మీరు కడతారా?

బాబాయి: కట్టను గానీ, అసలు మాట విను. గౌరిబిదనూరు రేడియో టెలిస్కోపు యాంటెనాలకి అందేది రేడియో తరంగం, చప్పుడు కాదు. నీ శనగలు నువ్వు పోసినవే. పోనీలే అనుకుందాం. క్రాబ్ మామూలు వెలుగులో కూడా కొడుతుందని 1969లోనే పట్టుకున్నారు. అంటే నిజంగా మిణుకుమనేదాని దీపం ఆర్పి, దానికి లేని గొంతు అంటించావు. ఇంకోటి: క్రాబ్ ఒక చుట్టులో రెండుసార్లు కొడుతుంది. రెండోదేదీ?

(ఇక్కడ ఆయనదే పైచేయి.)

అమ్మాయి: క్రాబ్ దీపం సంగతి ఒప్పుకుంటాను. అయినా వెలిగించను. ఇక్కడ దీపం అలంకారం, లయ నిజం అని బోర్డు మీద రాయిస్తాను. గొంతు నాదే, కాలం మాత్రం దానిదే; ఒక్క మిల్లీసెకను సాగదీయలేదు. పెర్సియస్ గెలాక్సీల గుంపు శబ్దాన్ని నాసా వాళ్ళు 57, 58 సంగీత స్థాయిలు (ఆక్టేవులు) పైకి లాగితేగానీ మనకి వినపడలేదు. అందుకే దాన్ని ముట్టుకోలేదు. ఇక టిక్కు సంగతి. నెమ్మది లయని బేస్ తరంగంగా ఇస్తే స్పీకరు కోను ఊగుతుందే తప్ప ఏమీ వినపడదు. అందుకే ఒక్కోటి 3 మిల్లీసెకన్ల టిక్కు చేశాను. గోడలు బోడిగా ఉంటే ప్రతిధ్వని ఆ సందుల్ని నింపేస్తుందని దళసరి తెరలు కట్టించాను. చుక్కకి ఒక్కటే స్పీకరు. రెండోది 11 మీటర్ల అవతల పెడితే దాని చప్పుడు 32 మిల్లీసెకన్లు ఆలస్యం. క్రాబ్‌కి అది దాదాపు ఒక చుట్టు.

బాబాయి: రెండో దెబ్బ?

అమ్మాయి: 13 మిల్లీసెకన్ల తర్వాత, కాస్త చిన్నది. ఉండండి.

లాప్‌టాప్‌లో ఒక వరస చేరింది. గురగుర ఆగలేదు గానీ గొంతు మారింది, లోపల ఏదో కుంటుతున్నట్టు.

బాబాయి: ఆఁ, ఇదీ క్రాబ్. ఆ వైరిలా తే, నిచ్చెన నేను పట్టుకుంటాను.