క్యాసరోల్ అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు

రక్తపరీక్ష కాగితంలో చెడ్డ కొలెస్ట్రాల్ 168 అని వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో నూనె సీసాకూ నాకూ మాటల్లేవు. వేపుళ్లు పోయాయి, అప్పడాలు పోయాయి. ఆవకాయ మీద తేలిన నూనెను చెంచాతో పక్కకు నెట్టి ముక్క ఒక్కటే వడ్డించే నేర్పు మా ఆవిడకు వచ్చేసింది. రొయ్యల విషయంలో మాత్రం డాక్టరుగారు కాస్త కనికరించారు. "పేచీ రొయ్యలతో కన్నా, మీరు వాటిని వేయించే నూనెతోనే ఎక్కువ" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు బతికాను.

బాల్టిమోర్‌లో ఉండే మా అమ్మాయి ఈ సంగతి విని ఒక వంట రాసి పంపింది. దాని పేరు సీఫుడ్ క్యాసరోల్. రొయ్యలు, పీత మాంసం, అన్నమో నూడుల్సో వెడల్పాటి పాత్రలో కలిపి అవెన్‌లో పెడతారట. 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ పుట్టగొడుగుల క్రీము సూపును డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టాక, ఆ డబ్బాను ఇలాంటి వంటల్లోకి వంచేయడం అక్కడి ఇళ్లలో మామూలైపోయిందట. పైన వెన్న, ఆ పైన చీజు. "అది నీకు పనికిరాదు నాన్నా, నీకోసం తేలిక చేశాను" అంది. సూపు డబ్బా బదులు వెన్న తీసిన పాలు, అవి చిక్కబడడానికి రెండు చెంచాల మైదా, గుడ్డలో కట్టి నీరు దించిన పెరుగు, దంపుడు బియ్యం అన్నం, నిమ్మ తొక్క తురుము, పైన ఒక్క చెంచా నూనె కలిపిన రొట్టె పొడి. చదువుతుంటే పథ్యం వాసనే వచ్చింది. అయితేనేం, రొయ్యలున్న పథ్యం!

సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగిసిందిగదా, ఆ నెలాఖరు ఆదివారం తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. అమ్మాయి కాగితంలో రొయ్యల పక్కన 21/25 అని ఉంది. కౌంటు సంగతి నాకు తెలియనిది కాదు. భీమవరం బ్యాంకులో పనిచేసిన మూడేళ్లలో చెరువుల మీద ఎన్ని అప్పులిచ్చానో! ముప్పై కౌంటంటే కిలోకు ముప్పై రొయ్యలు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెరుగుతుంది, ధర ఇంకా వేగంగా పెరుగుతుంది. "ఇరవై అయిదు కౌంటు ఇవ్వమ్మా" అన్నాను ధీమాగా. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో పెళ్లా బాబూ?" అంది. ఒక్కో రొయ్య నా బొటనవేలికి రెండింతలుంది. డబ్బు లెక్కపెడుతుంటే, ముప్పై అయిదేళ్లు ఇతరుల డబ్బు లెక్కపెట్టిన చేతులు మొదటిసారి వణికాయి.

ఇంటికొచ్చి కాగితం మళ్లీ చదివితే అప్పుడు కనిపించింది, పౌండుకు 21 నుంచి 25 అట. పౌండంటే 454 గ్రాములు. మన లెక్కలో యాభై కౌంటు సరిపోయేది. నేను దాదాపు రెట్టింపు రొయ్యను తెచ్చాను.

దెబ్బ తిన్న గుమాస్తా ఆ తర్వాత ఒక్క అంకెనూ నమ్మడు. అవెన్ 350 డిగ్రీలు అని ఉంది. మా అవెన్ మీద 250 దాటి గీతే లేదు. మామూలుగానైతే "ఉన్నంతా పెట్టేద్దాం" అనేవాణ్ణే. కానీ అది అమెరికావాళ్ల ఫారెన్‌హీట్ అని తట్టి, సెల్సియస్‌లోకి మార్చడానికి కూర్చుని లెక్క వేశాను. ముప్పై రెండు తీసేస్తే 318, అయిదుతో హెచ్చిస్తే 1590, తొమ్మిదితో భాగిస్తే 177కు గోరంత తక్కువ. కప్పుల్ని మిల్లీలీటర్లు చేశాను, ఔన్సుల్ని గ్రాములు చేశాను. అమెరికా తిక్క కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో దారికి వచ్చాయి.

ఆ అవెన్ గురించి ఒక మాట చెప్పాలి. కొన్న ఏడాది అందులో రెండు కేకులు చేశాం. అప్పటి నుంచి అది పెసర అప్పడాలు, జంతికల గొట్టం, పనికొస్తాయని దాచిన ప్లాస్టిక్ కవర్లు ఉండే అల్మారా. వాటన్నిటినీ ఖాళీ చేయడానికే అరగంట పట్టింది. ప్లాస్టిక్ కవరు ఒక్కటీ మిగలకుండా టార్చి వేసి మరీ చూశాను. ఆ జాగ్రత్త తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

రొయ్యలు ఒలవడం నా వంతు. తల తుంచి, పెంకు విప్పి, వీపు మీద కత్తి మొనతో గీరి నల్లటి నరం లాగేసరికి కిలో కాస్తా అరకిలో పైచిలుకు అయింది. ఉప్పు, పసుపు వేసి కడిగాను. పసుపు కాగితంలో లేదు, కానీ మా అమ్మ పక్కనే నిలబడి ఉంది. "కారం ఎప్పుడు వేస్తావు?" అంది. వేయనన్నాను. "అల్లం వెల్లుల్లి?" లేదన్నాను. "పాలల్లో రొయ్యలా! నీకు ఒంట్లో ఎలా ఉంది నాన్నా?" అని నుదురు తాకి చూసింది.

అంతా కలిపి గాజు పాత్రలో సర్ది, రొట్టె పొడి చల్లి, అవెన్ వేడెక్కడానికి పెట్టి, ఒంటి నిండా ఉన్న నీచు వాసన వదిలించుకుందామని స్నానానికి వెళ్లాను. వెళ్తూ మా ఆవిడతో, "ఎర్ర దీపం ఆరగానే ఆ క్యాసరోల్ లోపల పెట్టు" అన్నాను.

నీళ్ల చప్పుడులో ఆమె గొంతు వినిపించింది. "మూత పెట్టాలా అండీ?"

మొదటి పదిహేను నిమిషాలు పైన అల్యూమినియం రేకు కప్పాలని కాగితంలో ఉంది. "పెట్టాలి! గట్టిగా పెట్టు!" అని అరిచాను.

సబ్బు రెండోసారి రుద్దుతుండగా వాసన వచ్చింది. రొయ్యల వాసన కాదు, పాల వాసన కాదు. కింది ఫ్లాటు ఆయన బాల్కనీలోంచి "ఎవరిదో స్కూటరు కాలుతోంది!" అని కేకపెట్టడం వినిపించింది. తువ్వాలు చుట్టుకుని పరుగెత్తాను.

వంటగదంతా నల్లటి పొగ. మా ఆవిడ అప్పటికే స్విచ్చి తీసేసి కిటికీలు తెరుస్తోంది. అవెన్ అద్దం వెనక, ముదురు ఎరుపు రంగు ముద్ద ఒకటి ఇనప కడ్డీల సందుల్లోంచి మర్రి ఊడల్లా కిందికి సాగుతోంది. గట్టు మీద నా గాజు పాత్ర శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

మూడు రోజులుగా నేను క్యాసరోల్, క్యాసరోల్ అని జపిస్తుంటే మా అమ్మకు తెలిసిన క్యాసరోల్ ఒక్కటే, మా పెళ్లికి కానుకలుగా వచ్చిన మూడు హాట్‌బాక్సుల్లో చివరికి మిగిలినది. లోపల స్టీలు, బయట ప్లాస్టిక్, చపాతీలు వేడిగా ఉంచేది. అటక మీద నుంచి దింపించి, చింతపండుతో తోమి సిద్ధం చేసింది. మా ఆవిడ గాజు పాత్రలోది అందులోకి మార్చి, మూత టక్కుమనేదాకా నొక్కింది.

"ప్లాస్టిక్ అవెన్‌లో పెడతారా ఎవరైనా?" అన్నాను.

"నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే మూత సంగతి అడిగాను. మీరు గట్టిగా పెట్టమన్నారు. మీరు క్యాసరోల్ అన్నారండీ, గాజు గిన్నె అనలేదు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. దాని మీద కంపెనీవాళ్లు క్యాసరోల్ అనే అచ్చు వేశారు కూడాను, సాగిపోయిన అక్షరాల్లో సగం ఇంకా చదవగలిగేలా ఉన్నాయి.

సాయంత్రం, అంటే అమ్మాయికి తెల్లవారాక, ఫోనులో చూపించాను. నవ్వి నవ్వి మంచం మీద పడింది. "మినెసోటాలో దీన్ని హాట్‌డిష్ అంటారు నాన్నా. అలా రాసి పంపినా బాగుండేది" అంది.

"హాట్ అన్నా ఇదే దింపించేదాన్ని" అంది మా అమ్మ వెనక నుంచి.

చల్లారాక చూస్తే మూతా అంచూ కలిసి ఒకటే ముద్దయ్యాయి. స్క్రూడ్రైవరు పెట్టాను, సుత్తి పెట్టాను, రాలేదు. మా బ్యాంకు లాకర్లు కూడా అంత పకడ్బందీగా ఉండేవి కావు. అటూ ఇటూ ఊపితే లోపల అరకిలో రొయ్యలు దొర్లుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు పొద్దున చెత్తబండి వచ్చింది. మా వీధికి వచ్చే ఆమె పట్టింపు మనిషి. తడి చెత్తలో ఒక్క కవరు కనిపించినా తిప్పి ఇచ్చేస్తుంది. నేను ఆ ఎర్ర ముద్దను రెండు చేతులా అందించాను. చుట్టూ తిప్పి చూసింది. ఊపింది. చెవి దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది.

"ఇది తడి చెత్తా సార్, పొడి చెత్తా?"

"పైన పొడి. లోపల తడి" అన్నాను.

"వేరు చేసి ఇవ్వండి" అని నా చేతికిచ్చి బండి ముందుకు పోనిచ్చింది.