ప్రొబేషన్‌లో ఉన్న దేవదూత

1982 సెప్టెంబరులో అమెరికాలోని ఎన్‌బీసీ చానెల్ శనివారం ఉదయాల్లో పిల్లల కోసం ఒక కార్టూన్ ధారావాహిక మొదలుపెట్టింది. దాని పేరు 'ద గ్యారీ కోల్‌మన్ షో'. అందులో గ్యారీ కోల్‌మన్ అనే పాత్ర లేదు. ఉన్నది ఆండీ లెబో అనే బుల్లి దేవదూత. 14 ఏళ్ళ గ్యారీ ఆ దేవదూతకు గొంతు మాత్రం ఇచ్చాడు. అంటే బోర్డు మీద పేరు ఒకటి, లోపల ఆసామి పేరు మరొకటి, మాట్లాడేది మాత్రం బోర్డు మీదివాడు. ఇంత చిక్కు లెక్కను నిద్రకళ్ళతో టీవీ ముందు కూర్చున్న ఆరేళ్ళ పిల్లలకు అప్పగించిన పెద్దల ధీమాకు ముందుగా ఒక నమస్కారం పెట్టి విషయంలోకి వస్తాను.

గ్యారీ అప్పటికే ఊరూవాడా తెలిసిన పిల్లవాడు. న్యూయార్కులో ఒక ధనవంతుడు ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములను పెంచుకునే కథతో 1978లో మొదలైన 'డిఫరెంట్ స్ట్రోక్స్' అనే ధారావాహికలో చిన్నవాడు అతడే. బుగ్గలు ఉబ్బించి ఒకే ఒక ఊతపదం పలికితే దేశమంతా పడీపడీ నవ్వేది. ఇక దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సంగతి మనకన్నా హాలీవుడ్‌కే బాగా తెలుసు. టామ్ అండ్ జెర్రీని సృష్టించిన హన్నా, బార్బెరాల సంస్థకు ఈ చక్కబెట్టే పని అప్పగించారు.

ఆ నిర్ణయం జరిగిన గదిలో నేను లేను. కానీ ఆ రోజుల్లో శనివారం కార్టూన్లు ఎలా పుట్టేవో తెలిసినవారెవరికైనా ఆ గదిని ఊహించుకోవడం కష్టం కాదు. పెద్దల ధారావాహికల్లో పేరు తెచ్చుకున్న ఫాంజీ అనే మోటారుసైకిలు కుర్రవాడిని అప్పటికే కాలయంత్రం ఎక్కించి యుగాల మీదికి తోలేశారు. బీరు కార్ఖానాలో పనిచేసే లావర్న్, షిర్లీ అనే ఆడపిల్లలను సైన్యంలో చేర్పించి, వారి మీద పందిని సార్జెంటుగా వేశారు. ఒంటరి దీవిలో చిక్కుకుపోయిన గిల్లిగన్ బృందాన్ని ఆ 1982లోనే ఏకంగా వేరే గ్రహానికి పంపించారు. ఇన్ని మహత్కార్యాలు సాధించిన వృత్తికి చెందిన పెద్దమనుషులు ఒక పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని గ్యారీ ఫొటో వైపు చూస్తూ ఉంటారు. వీడిని ఏ గ్రహానికి పంపుదామని ఒకాయన అడుగుతాడు. గ్రహాలు అయిపోయాయండీ, స్వర్గం ఖాళీగా ఉందంటాడు మరొకాయన. పైగా అదే ఏడాది ఒక టీవీ సినిమాలో కుర్రవాడు దేవదూత వేషం వేసే ఉన్నాడు కనుక రెక్కలకు కొత్త ఖర్చు లేదు. అందరూ సంతోషించి కాఫీ తెప్పించుకుంటారు. అప్పుడు మూలన కూర్చున్న లెక్కల మనిషికి సందేహం వస్తుంది: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పిల్లవాడు ఎదిగిపోతే?" పక్కనున్నాయన భరోసా ఇస్తాడు: "ఎదగడండీ. మూత్రపిండాల జబ్బు."

ఆ సంభాషణ నా కల్పన. జబ్బు కల్పన కాదు. గ్యారీకి పుట్టుకతోనే మూత్రపిండాల వ్యాధి ఉంది. 5 ఏళ్ళకే ఒక మార్పిడి జరిగింది, 1984లో రెండోది జరిగింది, ఆ తరువాత డయాలసిస్ తప్పలేదు. ఆ వ్యాధీ దానికి వాడిన మందులూ కలిసి అతడి ఎత్తును 4 అడుగుల 8 అంగుళాల దగ్గర ఆపేశాయి. లోకం ముద్దు అని దేన్ని చూసి మురిసిపోయిందో అది ఒక రోగి శరీరం. ఆ పిల్లవాడికి ఆసుపత్రి మంచం ఎంత పరిచయమో స్టూడియో దీపాలూ అంతే పరిచయం. నవ్వినవారికి తెలియకపోవచ్చు, కానీ నవ్వించి డబ్బు లెక్కపెట్టుకున్నవారికి తెలుసు, అయినా వారు పని ఆపలేదు; వారం పొడుగునా నటించిన పిల్లవాడికి శనివారం పొద్దున కూడా మరొక పని కల్పించారు. సిగ్గులేని పని అది. దానికి ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు, వెతకనూ లేదు.

ఇంతకీ కథలో ఆండీ స్థాయి ఏమిటంటే, మన గవర్నమెంటు భాషలో చెప్పాలంటే, ప్రొబేషన్‌లో ఉన్న దేవదూత. భూమ్మీద నలుగురికి మేలు చేస్తే తప్ప సర్వీసు క్రమబద్ధం కాదు. పైనుంచి ఏంజెలికా అనే అధికారిణి పర్యవేక్షణ, పక్కనుంచి హార్న్‌స్వాగిల్ అనే దుష్టుడి కవ్వింపు. 13 ఎపిసోడ్లు గడిచాయి, దుకాణం కట్టేశారు. చేసిన ప్రతి మంచి పనికీ స్వర్గంలో లెక్క ఉంది. లెక్క లేనిది హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియాలోనే.

1989లో గ్యారీ తన సంపాదనను కాజేశారంటూ తల్లిదండ్రుల మీద, మాజీ మేనేజరు మీద దావా వేశాడు. 1993లో కోర్టు అతడికి సుమారు 12.8 లక్షల డాలర్లు ఇప్పించింది. కంచే చేను మేసిన కథ అక్కడ కొత్తదేమీ కాదు. మూకీ సినిమాల బాలనటుడు జాకీ కూగన్ లక్షల డాలర్లు సంపాదించి, పెద్దవాడయ్యేసరికి ఏమీ మిగలక, 1938లో సొంత తల్లి మీదే కోర్టుకెక్కాడు. దానితో 1939లో ఒక చట్టం వచ్చింది, దాని నిండా కంతలే. పిల్లవాడి సంపాదన పిల్లవాడి సొత్తేనని, అందులో 15 శాతం విధిగా దాచిపెట్టాలని గట్టిగా రాసుకోవడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. (మన దేశంలో 20 శాతం బ్యాంకులో వేయాలన్న నిబంధన 2017లో వచ్చింది. మన బాలతారల పాసుపుస్తకాలను ఎవరు తెరిచి చూస్తున్నారో ఆ ఏంజెలికాకే తెలియాలి.) గ్యారీ మాత్రం కాలిఫోర్నియా ఆ 15 శాతం రాసుకోవడానికి ముందు ఏడాదే, 1999లో, దివాలా ప్రకటించాడు. సెక్యూరిటీ గార్డుగానూ పనిచేశాడు.

2003లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి జరిగిన ఎన్నికలో వందమందికి పైగా అభ్యర్థుల మధ్య అతడి పేరూ ఉంది. 14 వేల పైచిలుకు ఓట్లతో 8వ స్థానంలో నిలిచాడు. అతడిని నిలబెట్టి రుసుము కట్టింది ఒక వారపత్రిక, ఆ ఎన్నికల తతంగాన్ని వెక్కిరించడానికి. వ్యంగ్యం మా వృత్తి కనుక, ఆ పత్రికవారు మావాళ్ళే. వారికీ ఒక బోర్డు కావలసి వచ్చింది, దాని మీద రాయడానికి అప్పటికి 35 ఏళ్ళ ఆ మనిషి పేరే దొరికింది.