తెల్లపొడిలో కాంతి చిక్కిందా?

పటికబెల్లం ముక్క అద్దంలా ఉంటుంది. రోట్లో వేసి దంచితే సున్నంలా తెల్లబడుతుంది. అందులో ఏ రంగూ కలపలేదు. లోపలికి వెళ్లిన కాంతి వేల అంచులకు తగిలి, చెదిరి బయటికి వస్తోంది, అంతే. ఫిజిక్స్ లెక్చరరైన అక్కకీ, ఎమ్మెస్సీ చదువుతున్న తమ్ముడికీ వాదన ఇక్కడే మొదలైంది: అలా చెదిరి చెదిరి కాంతి చివరికి లోపలే ఉండిపోగలదా?

తమ్ముడు: ఎందుకు ఉండిపోదక్కా? స్ఫటికంలో పరమాణువుల అమరికలో గజిబిజి బాగా ఎక్కువైతే ఎలక్ట్రాన్ తరంగం పాకడం మానేసి ఒకచోటే నిలిచిపోతుందని అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆండర్సన్ 1958లోనే చెప్పాడు. కాంతీ తరంగమే కదా!

అక్క: చెదరడం వేరు, చిక్కుకోవడం వేరురా. తిరునాళ్ల జనంలో పడ్డవాడు అటూ ఇటూ తోసుకుంటూ ఆలస్యంగానైనా బయటపడతాడు.

తమ్ముడు: మనిషి ఒక్క దారినే పోతాడు, తరంగం అన్ని దారులా పోతుంది. ఒక రేణువు దగ్గర బయల్దేరి, పది రేణువుల మీదుగా చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చిందనుకో. అదే చుట్టును ఎదురు దిక్కునా తిరిగి వస్తుంది. రెండూ నడిచిన దూరం ఒక్కటే కాబట్టి శిఖరం మీద శిఖరం పడుతుంది. ఎత్తు రెండింతలు, తీవ్రత నాలుగింతలు. తరంగాలు ఇలా ఒకదాని మీద ఒకటి పడి బలపడటం, అంటే వ్యతికరణం, లేకపోతే రెండింతలే వచ్చేది. అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే అవకాశం రెట్టింపైంది. ఇలాంటి చుట్లు పెరిగేకొద్దీ ముందుకు సాగడం తగ్గిపోతుంది.

అక్క: నిజమే. కానీ తగ్గడం, ఆగడం ఒకటి కావు. 1979లో ఆండర్సన్, మన దేశపు భౌతిక శాస్త్రవేత్త టి.వి. రామకృష్ణన్, ఇంకో ఇద్దరు కలిసి రాసింది గుర్తుందా? సన్నని తీగలో కొద్ది గజిబిజి అయినా చాలు. మూడు కొలతల్లో మాత్రం అది ఒక హద్దు దాటాలి. చెదరడానికీ చెదరడానికీ మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో దాదాపు ఆరో వంతుకు దిగాలి.

తమ్ముడు: 1997లో గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్ పొడితో చూపించారుగా! పొర మందం పెంచేకొద్దీ అవతలికి వచ్చే కాంతి ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే ప్రతి పొరకూ అదే వంతున తరుగుతూ, పడిపోయింది.

అక్క: పొడి కొంత కాంతిని మింగేసినా అలాగే పడిపోతుంది. 1999లో వచ్చిన అభ్యంతరం అదే. 2006లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ బృందం, తెల్ల పెయింట్‌లో కలిపే టైటానియం డయాక్సైడ్ పొడి తీసుకుంది. కాంతి చాలా ఆలస్యంగా బయటికొస్తోంది కాబట్టి చిక్కినట్టే అనుకున్నారు. 2016లో ఆ ఆలస్యానికి కారణం ఫ్లోరోసెన్స్ అని, అంటే పొడి కాంతిని మింగి కాస్త ఆగి వేరే రంగులో వదలడమని, అదే బృందం రాసింది. తమ ఫలితాన్ని తామే సరిదిద్దుకున్నారు చూడు, నాకు అందుకే వాళ్లంటే అంత గౌరవం.

తమ్ముడు: మరి శబ్దం సంగతి? 2008లో నాలుగు మిల్లీమీటర్ల అల్యూమినియం గుళ్లను ఒకదానికొకటి అతికించి, ఒక చోట అల్ట్రాసౌండ్ పంపారు. అది పక్కలకు పాకుతూ పాకుతూ ఒక వెడల్పు దగ్గర ఆగిపోయింది. మింగుడు వల్ల శబ్దం సన్నగిల్లుతుందే గానీ పాకడం ఆగదు. నీ అభ్యంతరం అక్కడ చెల్లదు.

అక్క: చెల్లదు, ఒప్పుకున్నాను. శబ్దం చిక్కింది. కాంతి దగ్గర చిక్కేమిటంటే, దానికి పోలరైజేషన్, అంటే అడ్డంగా ఊగే దిక్కు, ఉంది. రేణువులు మరీ దగ్గరైతే, వాటిని అంటిపెట్టుకుని ఉండే విద్యుత్ క్షేత్రాల (సమీప క్షేత్రాల) మీదుగా దొడ్డిదారిన దాటేస్తుందని 2014లో లెక్కలు వచ్చాయి.

తమ్ముడు: ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుపోయిన లోహపు గోళాల మధ్య చిక్కుతుందని 2023లో సిమ్యులేషన్లూ వచ్చాయి.

అక్క: చదివాను, బాగుంది. కానీ అది కంప్యూటర్‌లో జరిగింది. నాకు బల్ల మీద కావాలి.

తమ్ముడు: ఏం చూపిస్తే నమ్ముతావు?

అక్క: పొడి మీద చుక్కంత చోట లేజర్ పల్స్ కొట్టు. వెనక వైపు వచ్చే మచ్చ వెడల్పును క్షణక్షణం కొలువు. అది పెరిగి పెరిగి ఆగాలి. వచ్చిన కాంతి నువ్వు పంపిన రంగులోనే ఉండాలి.

తమ్ముడు: అయితే ముందు ఫిల్టర్ పెట్టి రంగు చూస్తాను. వెడల్పు తర్వాత.